డాబా మీద నాలుగు రోజులు, చేతిలో ఒక్క ఫోను

ప్రశ్న: మేం విజయవాడ పాయకాపురంలో అద్దెకుంటాం. కింది వాటా. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరు పిల్లలు, అత్తగారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు కట్టుబట్టలతో ఓనరుగారి డాబా ఎక్కాం. కరెంటు అప్పటికే పోయింది. ఆ రాత్రికి మా ఆయన ఫోను, మర్నాడు పొద్దున్నకి నా ఫోను ఆగిపోయాయి. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి చేసి విసిగిపోయి, చివరికి తనే బయల్దేరి వచ్చాడు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు. మేం బుధవారం దిగాం. నన్ను చూసి వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పట్నుంచి ముసురు పట్టిందంటే చాలు, నాకు టెన్షన్. ఈసారి ఫోను ఆగకూడదు అనుకుంటున్నాం. మా ఆయన సోలార్ పవర్ బ్యాంకు కొందామంటున్నారు, మూడు వేలు. ఓనరుగారు ఇన్వర్టర్ పెట్టించుకోమంటున్నారు. ఎవరో వీడియోలో బండి బ్యాటరీకి వైర్లు తగిలించి ఫోన్ ఛార్జింగ్ ఎక్కించడం చూపించారు. వీటిలో ఏది మంచిది? ఫోను తడిస్తే ఏం చెయ్యాలి?
– ఒక సోదరి, పాయకాపురం

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగిన మూడింటికీ సూటిగా చెప్పేస్తాను. సోలార్ పవర్ బ్యాంకు వద్దు. కింది వాటాలో ఇన్వర్టర్ వద్దు. బండి బ్యాటరీకి వైర్లు తగిలించడం అసలే వద్దు. ఆ మూడు వేలలోనే మంచి కంపెనీ 20,000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే అంకె) పవర్ బ్యాంకు ఒకటి, గట్టి కేబుళ్ళు రెండు, చిన్న టార్చి లైటు ఒకటి వచ్చేస్తాయి. ముందు కొనాల్సింది అంతే. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకనిపించింది ఏమిటంటే, ఆ రోజు మీకు తక్కువైంది ఛార్జింగ్ ఒక్కటే కాదు. ఏ వేళకి ఫోన్ చేస్తే మీరు పలుకుతారో మీ తమ్ముడికి తెలియదు. వాడు ఎప్పుడు చేస్తాడో మీకు తెలియదు. అందుకని మీ రెండు ఫోన్లూ రోజంతా వెలుగుతూ కూర్చున్నాయి, అలా కూర్చునే అయిపోయాయి.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. మా పిన్ని వాళ్ళది రాజరాజేశ్వరీపేట. అదే ఆదివారం వాళ్ళూ మేడ ఎక్కారు. ఇంట్లో నాలుగు టచ్ ఫోన్లు. పొద్దున్నే నీళ్ళు వీడియో తీసి చుట్టాలందరికీ పంపారు. చూసినవాళ్ళంతా ఫోన్లు. నేను కూడా ఆ రోజు కృష్ణలంక నుంచి ఆరేడు సార్లు వీడియో కాల్ చేశాను, పిన్ని మొహం చూస్తే గానీ ధైర్యం రాక. చీకటి పడ్డాక నాలుగు ఫోన్లతోనూ టార్చి వేసుకున్నారు. రాత్రి పది దాటేసరికి నాలుగూ పోయాయి. నేను చేసిన ఆ కాల్స్ వాళ్ళ ఛార్జింగ్‌ని తిన్నాయన్న సంగతి నాకు తట్టలేదు. ఆ బాధ నాకింకా ఉంది. చివరికి వాళ్ళని కాపాడింది బాబాయి జేబులోని బటన్ల ఫోను. పొద్దున ఎనిమిదింటికి రెండు నిమిషాలు, రాత్రి ఎనిమిదింటికి రెండు నిమిషాలు మాట్లాడి ఆపేసేవాడు. నాలుగో రోజు పడవ ఎక్కేటప్పుడు కూడా అందులో ఇంకా ఛార్జింగ్ ఉంది.

కాబట్టి మొదటి పని డబ్బు ఖర్చు లేనిది. ఈ రాత్రే మీ తమ్ముడికి ఫోన్ చేసి వేళలు అనుకోండి. పొద్దున 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 6, రాత్రి 9, ఇలా నాలుగు వేళలు చాలు. ఆ వేళకి మీ ఇంట్లో ఒక్క ఫోను మాత్రమే పదిహేను నిమిషాలు తెరిచి ఉంటుంది. మిగతా వేళల్లో ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దని వాడికి ముందే చెప్పండి. ఒక వేళ తప్పిపోతే తర్వాతి వేళ దాకా ఆగాలి. వరసగా రెండు వేళలు తప్పితే అప్పుడు వాడు విజయవాడలో ఉన్న మీ దగ్గరివాళ్ళ చేత 112కి గానీ, విపత్తుల కంట్రోల్ రూమ్ నంబర్ 1070కి గానీ మీ ఇంటి గుర్తులు చెప్పించాలి; హైదరాబాద్ నుంచి తనే చేస్తే ఆ కాల్ తెలంగాణ వాళ్ళకి వెళ్ళొచ్చు. మీవాళ్ళందరికీ కబురు చెప్పే బాధ్యత కూడా వాడిదే. మీ పుట్టింటివాళ్ళు, మీ ఆయన తరఫువాళ్ళు, అందరూ వాడికే ఫోన్ చేసి కనుక్కోవాలి. మీరు ఒక్కరికే చెబుతారు, వాడు పది మందికి చెబుతాడు. వీడియో కాల్ మాత్రం ఎవరు ఏడ్చి అడిగినా వద్దు.

ఒక్క ఫోను అన్నాను కదా, ఏది? మీ ఇద్దరి ఫోన్లలో బ్యాటరీ కొత్తగా ఉన్నది. రెండోది ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే పూర్తిగా స్విచాఫ్ చేసి కవర్లో పెట్టేయండి. అది నీళ్ళ బిందె మీద మూత పెట్టి పక్కన పెట్టినట్టు. మొదటి దాన్లో 20 శాతం మిగిలేదాకా రెండోది ముట్టుకోకూడదు. తెరిచే ఫోనుని పగలు ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి, రాత్రి 9 దాటాక స్విచాఫ్ చేసేయండి.

ఫ్లైట్ మోడ్ ఎందుకంటే, వరదలో ఫోను బ్యాటరీని ఎక్కువగా తినేది మీరు మాట్లాడే మాటలు కావు, అది సిగ్నల్ కోసం పడే పాట్లు. కరెంటు పోయాక సెల్ టవర్లు బ్యాటరీల మీద కొన్ని గంటలు నడుస్తాయి. జనరేటర్ ఉన్నచోట డీజిల్ అయ్యేదాకా నడుస్తాయి. నీళ్ళలో డీజిల్ తీసుకెళ్ళేవాళ్ళు ఉండరు కదా, ఒక్కో టవరే ఆగిపోతుంది. అప్పుడు మీ ఫోను ఎక్కడో దూరంగా ఉన్న టవర్‌ని పట్టుకోవాలి. దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే మనం గొంతు పెంచి అరుస్తాం. ఫోను కూడా అంతే, సిగ్నల్ ఎంత తక్కువైతే అంత శక్తి పెట్టి అరుస్తుంది. అసలు సిగ్నలే లేకపోతే ఆపకుండా వెతుకుతూనే ఉంటుంది. ఎవరూ ముట్టుకోని ఫోను కూడా సాయంత్రానికల్లా ఖాళీ అయ్యేది ఇందుకే. ఫ్లైట్ మోడ్ పెడితే ఆ వెతుకులాట ఆగుతుంది.

వేళ వచ్చి ఫ్లైట్ మోడ్ తీసే ముందు ఇంకో పని ఉంది. మొబైల్ డేటా ఆఫ్ చేసి, ఆ తర్వాత తీయండి. డేటా ఆన్‌లో ఉంటే అప్పటిదాకా ఆగి ఉన్న వాట్సాప్ ఫొటోలు, వీడియోలు, గ్రూపు మెసేజ్‌లు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మీకున్న పదిహేను నిమిషాలూ ఆ దిగుమతికే పోతాయి. ముందు మామూలు మెసేజ్, అంటే ఎస్సెమ్మెస్, పంపండి. “అందరం డాబా మీద క్షేమం. మంచినీళ్ళు రేపటిదాకా ఉన్నాయి. ఫోన్ 62 శాతం.” ఇంతే. సిగ్నల్ ఒక్క క్షణం దొరికినా మెసేజ్ వెళ్ళిపోతుంది. కాల్‌కి అలా కుదరదు, మాట్లాడినంతసేపూ సిగ్నల్ నిలబడాలి. మెసేజ్ వెళ్ళాక కాల్ కలిస్తే మంచిదే, మాట్లాడండి. మనిషి గొంతు వినడం కూడా అవసరమే. కాకపోతే రెండు నిమిషాలు.

సెట్టింగుల సంగతి పెద్దగా లేదు. బ్యాటరీ సేవర్ ఆన్ చేయండి, వెలుగు బాగా తగ్గించండి, లొకేషన్, బ్లూటూత్, వైఫై తీసేయండి. 5జీ ఉంటే 4జీకి మార్చుకోండి. మీ కంపెనీ సిగ్నల్ ఎంతకీ రాకపోతే, సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంచుకునే చోట ఆటోమేటిక్ తీసేసి, కనిపించే వేరే కంపెనీ పేరు నొక్కి చూడండి. పెద్ద విపత్తుల్లో ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా టెలికాం శాఖ ఆదేశాలిచ్చే పద్ధతి ఉంది. ఆ ఏర్పాటు ఉంటే కలుస్తుంది. లేకపోతే మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చేయండి. 112 మాత్రం వేరు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, ఆ చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ బతికున్నా దాని మీదుగా 112కి కాల్ వెళుతుంది.

ఇప్పుడు పవర్ బ్యాంకు లెక్క. డబ్బా మీద 20,000 అని ఉంటే, 5,000 బ్యాటరీ ఉన్న ఫోను నాలుగుసార్లు నిండుతుందని అందరూ అనుకుంటారు. నిండదు. లోపలి సెల్స్ 3.7 వోల్టులవి, ఫోనుకి వెళ్ళేది 5 వోల్టులు. వోల్టేజి పెంచేటప్పుడు అంకె తగ్గుతుంది, కొంత వేడిగా పోతుంది. పవర్ బ్యాంకు వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది, 20,000 దానికి దాదాపు 12,000 అని. నమ్మాల్సింది ఆ అంకెనే. దాంతో మీ ఫోను రెండుసార్లు పూర్తిగా, మూడోసారి సగం దాకా నిండుతుంది. అది తక్కువేం కాదు. నేను చెప్పినట్టు నాలుగు వేళలే తెరిచే ఫోనుకి నా అనుభవంలో రోజుకి 20 శాతం లోపే ఖర్చవుతుంది. అంటే నిండు ఫోను ఒక్కటే నాలుగైదు రోజులు వస్తుంది. రెండో ఫోను ఇంకో నాలుగు రోజులు. పవర్ బ్యాంకు ఆ పైన. 2024లో బుడమేరు గండ్లు మూడూ పూడ్చడం వినాయక చవితి దాకా, అంటే సెప్టెంబర్ 7 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా కొన్ని వీధుల్లో నీళ్ళు తీయలేదు. అలాంటి వరద మళ్ళీ వచ్చినా ఈ లెక్క సరిపోతుంది.

కొనేటప్పుడు గవర్నర్‌పేటలో బిల్లు ఇచ్చే షాపులో కొనండి. బీఐఎస్ అనే ప్రభుత్వ నాణ్యతా గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. 50,000 ఎంఏహెచ్ ఎనిమిదొందలకే అని రోడ్డు మీద అమ్మేవి ముట్టుకోవద్దు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఇంటికి తెచ్చాక పూర్తిగా నింపి, ఒకసారి ఫోనుకి పెట్టి ఎన్నిసార్లు నింపుతుందో మీరే చూసుకోండి. తర్వాత దాన్ని రోజువారీ వాడకానికి తీయొద్దు. పిల్లలకి అందనిచోట ఉంచి, ప్రతి నెలా ఒకటో తారీకున ఛార్జింగ్ ఎంతుందో చూసి తగ్గితే నింపండి. జూన్ నుంచి డిసెంబర్ దాకా నిండుగానే ఉండాలి. వానలు అయ్యాక తుపానులు ఉన్నాయి. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న.

కేబుల్ గురించి ఎవరూ ఆలోచించరు, సరిగ్గా అవసరానికి అదే పోతుంది. పాత కేబుల్ మెడ దగ్గర విరిగి ఉంటే ఛార్జింగ్ ఎక్కినట్టు బొమ్మ కనిపిస్తుంది, అంకె మాత్రం పెరగదు. పవర్ బ్యాంకుతో పాటు కొత్త కేబుళ్ళు రెండూ కట్టి పెట్టేయండి. అత్తగారికి కూడా ఫోను ఉండి, మీ ఫోన్ల పిన్ను ఒకటి, ఆవిడ ఫోను పిన్ను ఇంకొకటి అయితే రెండు రకాలూ ఉండాలి. పవర్ బ్యాంకు నుంచి ఎక్కించేటప్పుడు ఫోనుని స్విచాఫ్ చేసి పెట్టండి, 80 శాతానికి తీసేయండి. చివరి 20 శాతం నెమ్మదిగా ఎక్కుతుంది. అక్కడ కూర్చుని ఎదురుచూడాల్సిన అవసరం లేదు.

సోలార్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి, మీ ఆయన నన్ను తిట్టుకోకుండా. ఆయన ఆలోచన మంచిదే. కరెంటు లేనప్పుడు ఎండే దిక్కు అనుకున్నారు. కానీ పవర్ బ్యాంకు వీపు మీద అంటించే ఆ అరచేతి పలక ఇచ్చేది ఒకటిన్నర, రెండు వాట్లు. అది కూడా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు. 20,000 పవర్ బ్యాంకు లోపల పట్టేది 74 వాట్-అవర్లు, అంటే ఒక వాటు చొప్పున ఎక్కిస్తే 74 గంటలు. ఆ పలకతో నింపాలంటే మంచి ఎండలో నలభై, యాభై గంటలు పెట్టాలి, అంటే వారం పైమాటే. వరద వచ్చే రోజున ఎండ ఎక్కడిది? మబ్బు పట్టి ఉంటే రోజంతా పెట్టినా రెండు, మూడు శాతం కూడా ఎక్కదు. పైగా ఎండలో పెట్టి ఉంచితే లోపలి సెల్స్ వేడెక్కి పాడవుతాయి. పుస్తకంలా మడత విప్పే పెద్ద సోలార్ పలకలు వేరు, అవి పనిచేస్తాయి. కానీ అవి ఖరీదు, మీకు అవసరం లేదు.

ఇన్వర్టర్ సంగతి. 150 ఏహెచ్ బ్యాటరీతో పాతిక వేల దాకా అవుతుంది. మీరు కింది వాటాలో పెట్టిస్తే మోకాలి లోతు నీళ్ళకే పోతుంది. ఆసిడ్ నీళ్ళలో కలుస్తుంది, షాక్ ప్రమాదం కూడా. పాతిక వేలు పెట్టి అపాయం కొనుక్కోకండి. అయితే ఓనరుగారి మాటని ఇంకోలా వాడుకోవచ్చు. పైన వాళ్ళకి ఇన్వర్టర్ ఉందా? ఉంటే ఇప్పుడే, మామూలు రోజుల్లోనే, వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి. జనం మామూలుగా కరెంటు పోగానే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు వేసుకుంటారు, అర్ధరాత్రికి బ్యాటరీ ఖాళీ. ఒక సీలింగ్ ఫ్యాను గంటసేపు తిరిగితే పోయే కరెంటుతో మూడు ఫోన్లు నిండుతాయి. అదే బ్యాటరీని ఫోన్లకి మాత్రమే వాడితే ముప్ఫై ఫోన్లకి పైగా నింపొచ్చు. మేడ మీద చేరిన వీధి వాళ్ళందరికీ సరిపోతుంది. కానీ ఖాళీగా ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. రోజుకి రెండు గంటలు ఆన్ చేసి, అందరి ఫోన్లూ పవర్ బ్యాంకులూ ఒకేసారి పెట్టి, మళ్ళీ ఆపేయమనండి. ఓనరుగారి పిల్లల లాప్‌టాప్ ఉన్నా దాన్లో ఒకటి రెండు ఫోన్లకి సరిపడా ఛార్జింగ్ ఉంటుంది, కేబుల్ గుచ్చితే చాలు.

ఆ వీడియో చూసి మాత్రం మోసపోవద్దు. ఆటో బ్యాటరీ 12 వోల్టులు, మామూలు ఫోను ఛార్జింగ్ 5 వోల్టులు. వైర్లు నేరుగా తగిలిస్తే ఫోను అక్కడికక్కడే పోతుంది, బ్యాటరీ ఉబ్బి నిప్పు కూడా రావచ్చు. ఆటోలో పెట్టుకునే యూఎస్‌బీ ఛార్జర్లు మూడు, నాలుగొందలకి దొరుకుతాయి. లోపల 12ని 5కి దించే సర్క్యూట్ ఉంటుంది. మీ ఆయన అది పెట్టించుకుంటే మామూలు రోజుల్లో కూడా పనికొస్తుంది. ముసురు రోజున కిరాయిలు కొట్టి ఇంటికొచ్చేసరికి ఆయన ఫోను నిండుగా ఉంటుంది. నీళ్ళలో మునిగిన ఆటో దగ్గరికి ఫోను ఛార్జింగ్ కోసం దిగడం, మునిగిన బండి స్టార్ట్ చేయడం మాత్రం చెయ్యొద్దు. ఇంజన్లోకి నీళ్ళు పోతే మీ జీవనాధారమే పోతుంది.

తడిసిన ఫోను. నీళ్ళలో పడితే వెంటనే తీసి స్విచాఫ్ చేయండి. ఆన్ అవుతుందో లేదోనని నొక్కి చూడొద్దు. పౌచ్ తీసేసి, సిమ్ ట్రే బయటికి లాగి, పొడి గుడ్డతో తుడవండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత గాలి తగిలేచోట అలాగే నిలబెట్టి ఒక రోజు వదిలేయండి. బియ్యంలో పెట్టడం వద్దు. బియ్యం లోపలి తడిని లాగదు, పైగా నూక, పొడి రంధ్రంలోకి వెళతాయి. పొయ్యి దగ్గరా, ఎండలోనూ పెట్టొద్దు. రంధ్రంలో తడి ఉండగా ఛార్జింగ్ పెట్టడం అన్నిటికంటే చేటు, పిన్నులు కాలిపోతాయి. కొన్ని ఫోన్లు తడి ఉందని హెచ్చరిస్తాయి, ఆ హెచ్చరికని లెక్కచెయ్యండి. బుడమేరు నీళ్ళు మంచినీళ్ళు కావు, బురద, మురుగు. ఆరాక పనిచేసినా తర్వాత రిపేరు షాపులో విప్పించి శుభ్రం చేయించాలి. పవర్ బ్యాంకు మునిగితే మాత్రం దాని మీద ఆశ వదులుకోండి. ఆరినట్టు కనిపించినా వాడొద్దు. వెనక భాగం ఉబ్బిన ఫోను కూడా అంతే, పిల్లలకి దూరంగా పెట్టండి.

అందుకే తడవకుండా చూసుకోవడం ముఖ్యం. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పవర్ బ్యాంకు, కేబుళ్ళు, రెండో ఫోను పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, రేషన్ కార్డు, ఆధార్‌ల సంచిలోనే ఉంచండి. మీరు డాబా ఎక్కేటప్పుడు ఏం మరిచినా ఆ సంచి మరవరు.

ఇంకొకటి. దీనిమీద నేను పట్టుబడతాను. నీళ్ళు గడప దగ్గరికి వస్తున్నాయనగానే ఫోను ఛార్జింగ్ నుంచి తీసి, మెయిన్ ఆఫ్ చేసి, అప్పుడు పైకి వెళ్ళండి. ఇంకో పది శాతం ఎక్కనీ అని ఆగొద్దు. నేల మీద నీళ్ళుండగా స్విచ్ బోర్డు ముట్టుకోవద్దు. మెయిన్ దాకా నీళ్ళలో నడవాల్సి వస్తే మెయిన్ కూడా వదిలేయండి. నీళ్ళు నిలిచిన వీధికి కరెంటు ఇవ్వకపోవడం మన ప్రాణాల కోసమే, దానికి సిబ్బందిని తిట్టొద్దు. నీళ్ళు తీశాక కూడా ఎలక్ట్రీషియన్ చూసేదాకా తడిసిన బోర్డులో ఛార్జర్ పెట్టొద్దు. తెగిన వైరు గానీ, ఒరిగిన స్తంభం గానీ కనిపిస్తే 1912కి చెప్పండి.

ఎంత చేసినా ఫోను ఆగిపోవచ్చు. అప్పుడు పక్కవాళ్ళ ఫోను అడుగుతారు. తీసుకున్నాక ఎవరి నంబర్ కొడతారు? మా పిన్నికి సొంత కూతురి నంబర్ గుర్తులేదు. మనందరం అలాగే ఉన్నాం. ఒక అట్ట మీద బాల్ పెన్నుతో మీ తమ్ముడి నంబరు, ఓనరుగారిది, ఇంకో ఇద్దరు దగ్గరివాళ్ళవి, 112, 1070, 108 రాసి ఆ సంచిలో వేయండి. దాని కిందే మీ ఇంటి గుర్తులు కూడా రాయండి. ఏ రోడ్డు, ఎన్నో లైను, ఏ గుడి వెనక, డాబా ఏ రంగు. నీళ్ళు నిండాక డోర్ నంబర్లు కనిపించవు, పడవ నడిపేవాళ్ళకి పై అంతస్తు గుర్తులే కనిపిస్తాయి. పెద్ద పిల్లకి నాన్న నంబర్, మామయ్య నంబర్ నోటికి నేర్పండి. ఎక్కంలాగా రోజూ చెప్పిస్తే వారంలో వచ్చేస్తుంది.

పిల్లలంటే గుర్తొచ్చింది. చీకట్లో, చుట్టూ నీళ్ళలో వాళ్ళు భయపడి ఫోన్ ఇమ్మని ఏడుస్తారు. కాదనడం కష్టం, నాకు తెలుసు. దాని బదులు టార్చి వాళ్ళ చేతికివ్వండి, అష్టాచెమ్మా గవ్వలో, పేక ముక్కలో సంచిలో వేసుకోండి. ఇంట్లో పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఉంటే అది కూడా. విజయవాడ ఆకాశవాణి వార్తలు వింటే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలుసుకోవడానికి ఫోను తెరవక్కర్లేదు.

వాతావరణశాఖ భారీ వర్షమని చెప్పిన రోజునే అన్నీ నింపేయండి. 2024 ఆగస్టు 31 శనివారం ఊరంతా కుండపోత వానే. కరెంటు ఉన్న ఆ గంటల్లో ఎవరికీ ఫోను నింపుకోవాలని తోచలేదు, ఎందుకంటే ఇంత వస్తుందని ఎవరం అనుకోలేదు. ఇప్పుడు మనకి తెలుసు. ముసురు పట్టిన పూట మీకు టెన్షన్ మొదలవగానే లేచి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, పవర్ బ్యాంకూ, టార్చీ ఛార్జింగ్ పెట్టండి. చేతికి పని దొరికితే గుండె దడ కొంచెం తగ్గుతుంది. తగ్గకపోయినా ఛార్జింగ్ నిండుతుంది.

మీ అత్తగారి ఫోను గురించి మీరు రాయలేదు. అది బటన్ల ఫోనే అయితే మీ ఇంట్లో అన్నిటికంటే విలువైనది అదే, జాగ్రత్తగా చూసుకోండి. నిండా ఎక్కిస్తే రోజుల తరబడి వస్తుంది. ఒకవేళ లేకపోతే పదిహేనొందల లోపు కొత్తది దొరుకుతుంది, పవర్ బ్యాంకు తర్వాత కొనాల్సిన రెండో వస్తువు అదే. కొనేముందు సిమ్ చూసుకోండి. జియో సిమ్ పాత 2జీ బటన్ల ఫోన్లలో పనిచేయదు, 4జీ బటన్ల ఫోను అని అడిగి తీసుకోవాలి. మీ తమ్ముడి నంబరు ఫోనులోనే కాకుండా సిమ్‌లో కూడా సేవ్ చేయండి. అప్పుడు ఆ సిమ్ తీసి ఏ ఫోన్లో వేసినా నంబరు దాంతోపాటే వస్తుంది.